పెద్దపల్లి ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది?

మా అడవులదీవికి పొరుగునే ఉన్న నిజాంపట్నానికి చరిత్ర పుస్తకాల్లో దక్కే చోటు సాధారణంగా ఒక్క వాక్యం. ఆంగ్లేయులు తూర్పుతీరంలో తొలిసారిగా వ్యాపారం మొదలుపెట్టింది 1611లో ఈ రేవులోనేననీ, ఇక్కడ ఒక కర్మాగారాన్ని నెలకొల్పారనీ ఆ వాక్యం చెబుతుంది. కొన్నిచోట్ల 'కర్మాగారం' బదులు 'ఫ్యాక్టరీ' అని ఉంటుంది. ఏ మాట ఉన్నా, చదివిన పిల్లవాడి కళ్ళముందు కదిలే బొమ్మ ఒకటే: ఎత్తైన పొగగొట్టం, యంత్రాల రొద, పొద్దున్నే కూత వినగానే గుంపుగా లోపలికి నడిచే కార్మికులు.

సరే, నాలుగు వందల ఏళ్ళ క్రితం, ఆవిరియంత్రమింకా పుట్టని కాలంలో, మడ అడవుల మధ్యనున్న ఈ చిన్న రేవులో దొరలు పెట్టిన ఆ ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది?

ఏమీ తయారయ్యేది కాదు. ఒక్క మేకు గానీ, ఒక్క మూర గుడ్డ గానీ అక్కడ తయారు కాలేదు. తయారుచెయ్యడం దాని పనే కాదు. ఈ జవాబు వింతగా తోస్తే తప్పు మనది కాదు. ఒకేలా వినబడే రెండు ఇంగ్లీషు మాటలు కాలక్రమాన ఒకదానిలో ఒకటి కలిసిపోగా, అందులో ఒకదాని అర్థాన్ని మనం రెండోదానికి తగిలించుకున్నాం. ఆ మాటలు ఫ్యాక్టరీ, మాన్యుఫ్యాక్టరీ. రెంటికీ తేడా ఏమిటో తెలిస్తే నిజాంపట్నం గురించిన ఆ ఒక్క వాక్యం తలకిందులవుతుంది. దానితోబాటు మన నేతగాళ్ళ చరిత్ర కూడా కాస్త సరైన వెలుగులో కనబడుతుంది. అందుకే ఈ టపా.

ముందు ఫ్యాక్టరీ సంగతి. దీనికి మూలం ఫ్యాక్టర్ అనే మాట. మనకు ఫ్యాక్టర్ అంటే లెక్కల పుస్తకంలోని కారణాంకమే గుర్తుకొస్తుంది. లాటినులో దాని అసలు అర్థం 'చేసేవాడు' అని. ఏం చేసేవాడు? యజమాని తరఫున, యజమాని లేనిచోట, అతని పనులు చక్కబెట్టేవాడు. కొనడం, అమ్మడం, బాకీలు వసూలు చెయ్యడం, సరుకును దాచి ఉంచడం, లెక్కలు రాసి పంపడం అతని విధులు. మనవైపు వాడుకలో ఉన్న గుమాస్తా అనే మాట దీనికి బాగా దగ్గర. అలాంటి ఫ్యాక్టర్లు పరదేశంలో కాపురముండే ఇల్లే ఫ్యాక్టరీ. పోర్చుగీసువారు తమ ఫ్యాక్టరును ఫెయితోర్ అనీ, అతని స్థావరాన్ని ఫెయితోరియా అనీ అనేవారు. వారి వెనుక వచ్చిన డచ్చివారికీ, ఇంగ్లీషువారికీ ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

కుంపిణీ కొలువులో ఈ ఫ్యాక్టరుది ఒక నిర్దిష్టమైన మెట్టు. కొత్తగా చేరిన కుర్రవాడు అప్రెంటిసు. తర్వాత రైటరు, ఆపై ఫ్యాక్టరు, జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. రైటరంటే గ్రంథకర్త అనుకునేరు! చిట్టా, ఆవర్జా రాసే చిన్న గుమాస్తా మాత్రమే. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగుకు ఆ పేరు వీళ్ళవల్లే వచ్చింది గానీ, అందులో కవులెవరూ కాపురం లేరు.

ఇక మాన్యుఫ్యాక్టరీ. లాటినులో 'మానుస్' అంటే చేయి. చేత్తో చేసిన పని మాన్యుఫ్యాక్చర్. అది జరిగే చోటు మాన్యుఫ్యాక్టరీ. ఒకటి వర్తకుల ఇల్లు, రెండోది పనివాళ్ళ ఇల్లు. మొదటిదానిలో సరుకు చేతులు మారుతుంది. రెండోదానిలో సరుకు పుడుతుంది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీషు నిఘంటువు తిరగేసినా ఫ్యాక్టరీకి దూరదేశంలో వర్తకులు నివసించే ఇల్లనీ, అలా ఒకచోట చేరిన వర్తకుల సమూహమనీ అర్థాలు కనిపిస్తాయి తప్ప వస్తువుల తయారీ ఊసు లేదు. అంటే పెద్దపల్లి సంగతి జరిగిన నూట నలభై ఏళ్ళకు కూడా, చదువుకున్న ఇంగ్లీషువాడికి ఫ్యాక్టరీ అనగానే తోచేది వర్తకమే.

పెద్దపల్లి అన్నాను కదా, అది మన నిజాంపట్నమే. ఇంగ్లీషువారి రాతల్లో ఈ రేవు పేరు పెట్టపోలి. పెద్దపల్లి అన్న మన పల్లె పేరే పరదేశీయుల నాలుకమీద అలా నలిగింది. ఇక్కడికి ముందుగా వచ్చినవారు డచ్చివారు. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా అనుమతితో మచిలీపట్నంలోనూ, ఇక్కడా వర్తకం ప్రారంభించారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పంపిన గ్లోబ్ అనే ఓడ 1611లో వచ్చింది. దాని కప్తాను ఆంథొనీ హిప్పన్. వర్తకం నడిపించవలసిన ముఖ్యులు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథెయునిస్ అనే ఇద్దరు. తమాషా ఏమిటంటే ఈ ఇద్దరూ డచ్చివారే! పూర్వం డచ్చి కొలువులో ఈ తీరం లోతుపాతులు తెలుసుకుని, ఆ అనుభవాన్ని ఇంగ్లీషువారికి తెచ్చిపెట్టారు.

ఆ ఆగస్టు నెలలో గ్లోబ్ మొదట పులికాటు చేరింది. అది విజయనగర ప్రభువు వేంకటపతిరాయల ఏలుబడిలోని రేవు. అక్కడ పాతుకుపోయిన డచ్చివారు రాయలవారి కౌలు తమకే ఉందంటూ అడ్డుపడ్డారు. చేసేది లేక ఓడ ఉత్తరానికి సాగి పెద్దపల్లి చేరింది. అక్కడ కొందరిని దింపి మచిలీపట్నం వెళ్ళింది. మరి దింపినవాళ్ళెవరు? ఇంజనీర్లూ కాదు, నేతగాళ్ళూ కాదు. గుమాస్తాలు. వాళ్ళ వెంట యంత్రాలు లేవు. కొనుగోలుకు కావలసిన సొమ్ము, కొంత సరుకు, లెక్కల పుస్తకాలు ఉన్నాయి. ఈ మనుషులు, ఈ సామగ్రి, వీటికొక అద్దెకొంప... ఇంతే పెద్దపల్లి ఫ్యాక్టరీ.

వాళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? తీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ వాళ్ళకు కావాలి. అవి దొరికే తూర్పు దీవులలో ఇంగ్లండు ఉన్ని బట్టను అడిగే నాథుడు లేడు. ఆ ఉక్కపోత దేశాల్లో కంబళ్ళవంటి బట్ట ఎవరు కడతారు? అక్కడివారు మనసుపడేది మన తీరపు నూలుబట్టను, అందులోనూ ఎర్రని అద్దకపు బట్టను. కాబట్టి వెండి తెచ్చి ఇక్కడ బట్ట కొనడం, ఆ బట్టను తూర్పున ఇచ్చి సుగంధద్రవ్యాలు పుచ్చుకోవడం ఆనాటి వ్యాపారసూత్రం. గ్లోబ్ కూడా ఇక్కడి బట్టలు నింపుకుని జావాలోని బాంటం మీదుగా పతానీ, సయాం దేశాలకు వెళ్ళింది.

ఇక ఆ ఎరుపు సంగతి. చిరివేరు అని ఒక మొక్క వేరు. ఇసుక నేలల్లో పెరుగుతుంది. పటికతో కలిసినప్పుడు నూలుకు పట్టే దాని ఎరుపు ఎన్ని ఉతుకులకూ వదలదు. కృష్ణ సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలో దొరికే చిరివేరుకు తీరమంతటా పేరుండేది. పెట్టపోలి ఎరుపు మేలురకమని పరదేశీ వర్తకుల రాతల్లో కనబడుతుంది. ఆ వేరు తవ్వినవారు, పత్తి వడికినవారు, నేసినవారు, కరక్కాయ నీటిలో ముంచినవారు, రంగులద్దినవారు, రేవులో ఉతికి ఇసుకమీద ఆరేసి చలువ చేసినవారు అందరూ ఇక్కడి మనుషులే. వాళ్ళ పనిచోటు వాళ్ళ ఇల్లు, ఇంటి ముందరి వీధి, ఊరి చెరువు. మాన్యుఫ్యాక్టరీ అనే మాటను దాని అసలు అర్థంలో వాడదలిస్తే, ఆనాడు ఈ సీమలోని ప్రతి సాలెగుంటా ఒక మాన్యుఫ్యాక్టరీ. దొరల ఇల్లు మాత్రం కాదు.

మరి ఓడలో వచ్చి బట్ట కొనుక్కుని పోవచ్చు కదా, ఇక్కడ కాపురం పెట్టడం దేనికి? దానికి జవాబు మన గాలివానలో ఉంది. ఓడలు ఋతుపవనాలను నమ్ముకుని వస్తాయి, పోతాయి. ఆశ్వయుజం దాటితే ఈ తీరం తుపానుల పాలు. ఓడ వచ్చిన నాలుగు వారాల్లో వేల గుడ్డలు కావాలంటే ధర ఆకాశానికి పోతుంది, సరుకూ దొరకదు. మగ్గం మీద బట్ట దిగడానికి దాని కాలం దానికుంది కదా! అందుచేత ఒక గుమాస్తా ఏడాది పొడుగునా ఇక్కడే ఉండాలి. మచ్చు చూపించి, బయానా ఇచ్చి, దుబాషీ చేతా ఊరి వర్తకుల చేతా ఊళ్ళలో పని పురమాయించాలి. వచ్చిన బట్టను కొలిచి, రకాలుగా విడదీసి, మూటలు కట్టి, ఓడ వచ్చేదాకా చెదలు పట్టకుండా కాపాడాలి. ఇంత పనికి ఒక గట్టి కొట్టు, దాని పక్కన పడుకోవడానికి గది ఉండాలి. ఫ్యాక్టరీ అనేది ఈ అవసరంలో పుట్టిన ఏర్పాటు.

ఫ్యాక్టరు రోజు ఎలా గడిచేదో ఫ్లోరిస్ దినచర్య చదివితే తెలుస్తుంది. దాన్ని మోర్లాండ్ సంపాదకత్వంలో హక్లూట్ సొసైటీ 1934లో ప్రచురించింది. ఉత్పత్తి మాట అందులో వెతికినా కనబడదు. సుంకం మీద పేచీలు, అరువులు, రాని బాకీలు, అధికారుల వాయిదాలు... ఇవే. 1614లో, తిరుగు ప్రయాణం దగ్గరపడుతున్నా మచిలీపట్నం అధికారి తమకివ్వవలసిన సొమ్ము ఇవ్వడం లేదని, ఫ్లోరిస్ ఏకంగా ఆ అధికారి కొడుకును పట్టుకుని ఓడలో కూర్చోబెట్టాడు! ఆ కుర్రవాడు బ్రాహ్మణుడు. పరాయి చోట అన్నం ముట్టడు, నీళ్ళు తాగడు. అతడి ఉపవాసం చూసి కలవరపడింది ఫ్లోరిసే. చివరికి బాకీ తీరింది, కుర్రవాడు ఒడ్డుకు చేరాడు. బాకీ వసూలుకు ఇంత దుస్సాహసం చేసినవాణ్ణి ఫ్యాక్టరీ యజమాని అనే కంటే వడ్డీ వ్యాపారి గుమాస్తా అంటే బాగా అర్థమవుతుంది.

ఫ్యాక్టరీకి ఉన్న ఈ అర్థం మన తీరానికే పరిమితం కాదు. చైనాలోని కాంటన్ రేవులో పదమూడు ఫ్యాక్టరీలు అని ఒక వరుస ఉండేది. అవీ విదేశీ వర్తకుల విడిదిళ్ళే. కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున యార్క్ ఫ్యాక్టరీ అనే చోటు ఉంది. వేటగాళ్ళు తెచ్చే జంతుచర్మాలు కొన్న కొట్టు అది. 1957లో మూతపడేదాకా పేరు మారలేదు. మనవైపు నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఇంగ్లీషువారి ఫ్యాక్టరీ ఒకటుండేది. అక్కడ కొన్న నూలుబట్టకు ఊరిపేరే స్థిరపడి, మడపోలం అనే మాట యూరపు నిఘంటువులకెక్కింది. ఒక్క పోగైనా నెయ్యని ఫ్యాక్టరీ పక్కన నేసినవారి ఊరిపేరు లోకమంతా తిరిగింది. తర్వాతి కాలంలో అదే పేరుతో యూరపులోని మిల్లులు బట్ట నేశాయి.

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. మన బట్ట ధాటికి తట్టుకోలేక ఇంగ్లండులోని ఉన్ని, పట్టు నేతగాళ్ళు అల్లర్లు చేశారు. వారి పార్లమెంటు 1700లో అద్దకపు నూలుబట్టల దిగుమతిపైన, 1721లో వాటి వాడకంపైన నిషేధాలు తెచ్చింది. ఆ నిషేధాల నీడలో అక్కడి నూలు పరిశ్రమ పెరిగింది. 1771లో ఆర్క్‌రైట్ క్రాంఫర్డులో నీటిబలంతో నూలు వడికే మిల్లు కట్టాడు. వందలాది పనివాళ్ళను ఒకే కప్పుకింద చేర్చిన అటువంటి కట్టడాలను మొదట మిల్లు అనీ, మాన్యుఫ్యాక్టరీ అనీ పిలిచారు. జనం నోట పొడుగు మాట అరిగిపోవడం సహజం. చూస్తూ ఉండగానే ఫ్యాక్టరీ అన్న పొట్టి మాట ఆ కొత్త కట్టడాలకు అంటుకుంది. 'చెయ్యి' అని అర్థమిచ్చే ముక్క ఊడిపోయింది. చేతులతో పని తగ్గిపోయిన చోటికి ఇది తగిన పేరే!

ఈ మార్పు పూర్తయిన ఏడాది ఏదని ఎవరైనా అడిగితే నేను 1833 అంటాను. ఆ ఏడాది ఆగస్టు 28న రాజామోదం పొందిన చార్టరు చట్టం ఈస్టిండియా కంపెనీ వ్యాపారాన్ని పూర్తిగా మాన్పించింది. పాత అర్థంలోని ఫ్యాక్టరీలకు అది మంగళం. మర్నాడు, ఆగస్టు 29న, మరొక చట్టం ఆమోదం పొందింది. జౌళి మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని శాసించిన చట్టమది. దానికి స్థిరపడిన పేరు ఫ్యాక్టరీ చట్టం. ఒక మాట పాత అర్థం ఒకనాడు అస్తమిస్తే, కొత్త అర్థానికి మర్నాడే పార్లమెంటు ముద్ర పడింది. మాటల చరిత్రలో ఇంత కచ్చితమైన తేదీలు దొరకడం అరుదు.

ఆ 1833లో మన గుంటూరు సీమ ఎలా ఉంది? నందన నామ సంవత్సరపు కరువులో ఉంది. డొక్కల కరువని పెద్దలు చెప్పుకునేది దాన్నే. జిల్లా జనంలో సుమారు మూడోవంతు దానికి బలయ్యారు. ఆ కరువుకు కారణం వానలు లేకపోవడమూ, పాలకుల నిర్లక్ష్యమూ తప్ప ఇంగ్లండు మిల్లులు కావు. లేని లంకె నేను పెట్టదలచుకోలేదు. కానీ ఈ రెండు శతాబ్దాల తేడా ఒకసారి చూడండి. 1611లో ఫ్యాక్టరీ అంటే మన బట్ట కొనడానికి వెండి పట్టుకొచ్చిన పరదేశి ఇల్లు. 19వ శతాబ్దంలో ఫ్యాక్టరీ అంటే మనకు నూలూ బట్టా అమ్మే పరదేశి మిల్లు. మాట ఒకటే, సరుకు నడిచే దిక్కు మారింది. మన నేతగాడి బతుకులో వచ్చిన మార్పంతా ఈ ఒక్క మాట కడుపులో ఉంది.

అందుకే 1611 నాటి ఫ్యాక్టరీని కర్మాగారం అనడం చిన్న పొరపాటుగా నాకు తోచదు. ఆ అనువాదం వల్ల మూడు నష్టాలు. పరిశ్రమను ఈ దేశానికి దొరలు మోసుకొచ్చారన్న భావం పిల్లల మనసులో నాటుకుంటుంది. నేసినవారు, అద్దినవారు, చిరివేరు తవ్వినవారు చరిత్రలోంచి మాయమై, వాళ్ళ పని కొనుక్కున్నవాడి ఖాతాలో జమ అవుతుంది. ఇక మూడోది: మన దగ్గర ఉన్నదేమిటో తెలియనప్పుడు పోయిందేమిటో కూడా తెలియదు. చీరాల, పెడన, మంగళగిరి మగ్గాలు ఇంత జరిగినా బతికి ఉండడం ఎంత పెద్ద సంగతో అసలే తెలియదు.

అయితే అనువాదకుణ్ణి పూర్తిగా తప్పుపట్టలేం. ఆ మాటలో ఒక ఉచ్చు ఉంది. ఫ్యాక్టరీలోని ధాతువుకు 'చేయడం' అని అర్థం. కర్మ అంటే చేసే పని, ఆగారమంటే ఇల్లు. ధాతువుల లెక్కన చూస్తే కర్మాగారం నూటికి నూరుపాళ్ళూ సరైన అనువాదం! వ్యుత్పత్తి సరిపోయింది, అర్థం తప్పిపోయింది. మాటను పుట్టుకనుబట్టి కాక, ఆ కాలంలో దానిని వాడినవాళ్ళ పనినిబట్టి అనువదించాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరి ఏ మాట వాడాలి? హిందుస్తానీలో ఈ ఇళ్ళను కోఠీలన్నారు. 'వర్తక స్థావరం' అని కొందరు చరిత్రకారులు జాగ్రత్తగానే రాశారు. అదే నాకూ నచ్చుతుంది. ఇంకా అచ్చమైన మాట కావాలంటే గిడ్డంగి ఉండనే ఉంది. మనుషుల కాపురం సంగతి అది చెప్పకపోయినా, ఆ ఇంటి ముఖ్యమైన పనిని చెబుతుంది. పైగా దీనికొక చక్కని కథ ఉంది. ఆసియా రేవుల్లో ఇంగ్లీషువారు వాడిన గోడౌన్ అనే మాట మలయా భాషలోని గుదాంగ్ నుంచి వచ్చిందనీ, దానికి మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చుననీ 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు అంటుంది. మన వర్తకులు సముద్రం దాటించిన మాట దొరల నోట గోడౌనై తిరిగొచ్చి, మన వీధుల్లో గోదామైంది. సొంత మాట ఇంత చరిత్రతో చేతిలో ఉండగా, పెద్దపల్లి దొరల కొట్టుకు లేని పొగగొట్టం తగిలించడం దేనికి?

తెలుగులో చరిత్ర రాస్తున్న మిత్రులకు నా మనవి ఇంతే. 17వ శతాబ్దపు ఫ్యాక్టరీ ఎక్కడ తగిలినా, అది బందరైనా, భీమునిపట్నమైనా, మాధవాయపాలెమైనా, దయచేసి వర్తక స్థావరమని రాయండి. వీలైతే పక్కన మరొక్క వాక్యం చేర్చండి: అక్కడ అమ్ముడైన సరుకును తయారుచేసింది చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళూ అద్దకగాళ్ళూ అని.